అప్‌డేటు మీట ఎక్కడుంది?

నాకో చిన్న సందేహం. మన వీధికి రాత్రిపూట కాపలా కాసే గూర్ఖా ఉన్నాడనుకోండి. అతను వచ్చాడా లేదా అని చూసుకునే హక్కు, రాకపోతే కబురు పెట్టి పిలిపించే హక్కు మనకు ఉంటాయా ఉండవా? ఉంటాయి కదా. మరి కంప్యూటరుకి కాపలా కాసే సాఫ్టువేరు దగ్గరకొచ్చేసరికి ఈ హక్కు ఎటు పోయింది?

సంగతేమిటంటే, ఆ మధ్య మా క్లయింటు ఫ్యాక్టరీలో ఒక కంప్యూటరుకి యాంటీవైరసు అప్‌డేటు వెయ్యాల్సొచ్చింది. యంత్రాలను నడిపే కంప్యూటరు కాబట్టి కావాలనే దాన్ని ఇంటర్నెట్టుకి దూరంగా పెట్టారు. ఇందులో పెద్ద పనేముంది, ఫైలు వేరే మెషీన్లో దించుకుని, పెన్‌డ్రైవులో తీసుకెళ్ళి ఎక్కించడమే కదా అనుకుంటాం. ఆ ఫైలు ఎక్కడుందో కనుక్కోడానికి నాకు ఒక పూట పట్టింది. మొదటి తెర మీద "మీరు క్షేమం" అని ఓ పెద్ద ఆకుపచ్చ టిక్కు. సెట్టింగుల్లోకి వెళితే అందులో అడ్వాన్స్‌డు, దాంట్లో ఇంకో మెనూ, దాంట్లో మళ్ళీ "ఆటోమేటిక్". సహాయం పేజీ తెరిస్తే "ముందు మీ కంప్యూటరుని ఇంటర్నెట్టుకి కలపండి" అని సలహా! కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఇది ఒక్క కంపెనీ జబ్బు కూడా కాదు.

ఒకప్పుడు ఇదే పనికి మొదటి తెర మీదే మీట ఉండేది. అసలు ఒకప్పుడు అది తప్ప వేరే దారే లేదు. ఆ మీట ఎప్పుడు దాక్కుంది, ఎందుకు దాక్కుంది, దానివల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం? ఈ నలభై ఏళ్ళ కథ తిరగేస్తే నాకు అర్థమైంది చెబుతాను.

ముందు తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క. ఆర్టీసీ బస్టాండులో "దొంగలున్నారు జాగ్రత్త" అని జేబుదొంగల ఫొటోలు అంటించిన బోర్డు చూసే ఉంటారు. యాంటీవైరసు చేసే పని మొదట్లో అచ్చంగా అదే. ఒక్కో వైరసులో కనబడే బైట్ల వరసని ఫొటోలా దాచుకుని, డిస్కులో ఉన్న ప్రతి ఫైలునీ ఆ ఫొటోలతో పోల్చి చూడటం. అప్‌డేటు అంటే బోర్డు మీద కొత్త దొంగల ఫొటోలు అంటించడం. కిందటేడు అంటించిన బోర్డుతో ఈ ఏడాది దొంగ దొరకడు.

ఐబీఎం పీసీలకు మొదటి వైరసుగా పేరుపడ్డ "బ్రెయిన్" 1986లో లాహోరులో పుట్టింది. రాసింది ఇద్దరు అన్నదమ్ములు. తమాషా ఏమిటంటే ఆ వైరసు లోపల వాళ్ళ చిరునామా, ఫోను నంబర్లు కూడా రాసుకున్నారు, టీకా కావాలంటే మమ్మల్ని సంప్రదించండి అని. అంటే పీసీ వైరసుల చరిత్రలో మొట్టమొదటి మాన్యువల్ అప్‌డేటు లాహోరుకి ట్రంకు కాల్ అన్నమాట! మరుసటి ఏడాది, 1987లో, జాన్ మెకాఫీ అమెరికాలో తన పేరుతోనే కంపెనీ పెట్టి, తన స్కానరుని ఫోను లైన్ల మీద నడిచే బులెటిన్ బోర్డుల ద్వారా పంచాడు. మోడెం ఉన్నవాడు దించుకునేవాడు, లేనివాడు ఉన్నవాడి దగ్గర ఫ్లాపీలో రాయించుకునేవాడు. డబ్బు కట్టినవాళ్ళకి నెలకో, మూణ్ణెల్లకో పోస్టులో ఫ్లాపీ వచ్చేది.

ఇండియాలో కూడా కథ ఇలాగే మొదలైంది. పుణెలో కాలిక్యులేటర్లు బాగుచేసే షాపు నడిపిన కైలాష్ కట్కర్, ఆయన తమ్ముడు సంజయ్ కలిసి తయారు చేసిందే క్విక్ హీల్. రిపేరుకొచ్చే కంప్యూటర్లలో వైరసులు కనబడటంతో తమ్ముడు మందు రాశాడు, అన్న అమ్మాడు. చెన్నైలో కే7 కూడా ఆ తొంభైల మొదట్లోదే. అప్పట్లో వైరసు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఫ్లాపీలో ప్రయాణం చేసేది. మందు కూడా ఫ్లాపీలోనే వెళ్ళేది. ఇద్దరిదీ ఒకటే బస్సు, ఒకటే స్పీడు. కాబట్టి చేత్తో వేసే అప్‌డేటు సరిపోయేది.

1992 మార్చి 6న మైఖెలాంజిలో వైరసు ప్రపంచాన్ని ముంచేస్తుందని పత్రికలు గోల గోల చేశాయి. యాభై లక్షల కంప్యూటర్ల దాకా పోతాయన్నారు. తీరా చూస్తే పోయినవి వేలల్లోనే. కానీ ఆ భయంతో సామాన్యుడికి మొదటిసారి ఒక సంగతి తెలిసొచ్చింది. యాంటీవైరసు ఒకసారి కొని బీరువాలో పెట్టే వస్తువు కాదు, పాలప్యాకెట్టులా ఎప్పటికప్పుడు తాజాగా తెచ్చుకోవాలి అని.

ఆ తర్వాత బస్సు పోయి విమానం వచ్చింది. 1999 మార్చిలో మెలిస్సా, 2000 మేలో "ఐ లవ్ యూ" ఈమెయిలు ఎక్కి గంటల్లో ఖండాలు దాటాయి. మధ్యలో 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ (చెర్నోబిల్ అన్నా ఇదే) నిద్రలేచి డిస్కు మొదటి భాగాన్ని చెరిపేసి, కుదిరిన చోట మదర్‌బోర్డు మీదున్న బయాస్‌ని కూడా తుడిచేసింది. ఆసియాలో, అందులో మన దేశంలో కూడా దెబ్బ గట్టిగానే తగిలింది. అప్పటికి దాని మందు మార్కెట్లోకి వచ్చి చాలా నెలలయింది. మందు లేక కాదు, వేసుకోక పోయాయి ఆ కంప్యూటర్లు.

మాన్యువల్ అప్‌డేటు పరువు పూర్తిగా పోయింది మాత్రం 2003 జనవరి 25న. ఎస్‌క్యూఎల్ స్లామర్ అనే పురుగు మొత్తం 376 బైట్లు. అంటే ఈ పేరాలో సగం కూడా ఉండదు. మొదట్లో ప్రతి ఎనిమిదిన్నర సెకన్లకి రెట్టింపవుతూ పోయి, పది నిమిషాల్లో దొరకాల్సిన మెషీన్లలో తొంభై శాతాన్ని పట్టేసింది. మొత్తం 75 వేల దాకా. దానికి మైక్రోసాఫ్టు మందు ఎప్పుడిచ్చింది? 2002 జూలైలో, ఆరు నెలల ముందు! ఆ మందు చేత్తో వేసుకోవాల్సిన మందు. వేసేవాళ్ళకి తీరిక లేదు. ఇంకొందరికైతే తమ మెషీన్లో ఆ డేటాబేసు ఉందన్న సంగతే తెలియదు, వేరే సాఫ్టువేరుతో పాటు చడీచప్పుడు లేకుండా వచ్చి కూర్చుంది.

అదే ఏడాది ఆగస్టులో బ్లాస్టర్. అది ఇంకో అడుగు ముందుకేసి, మందుల షాపు మీదే దాడికి దిగింది. పట్టుకున్న మెషీన్లన్నిటి చేతా విండోస్ అప్‌డేటు చిరునామాని ఒకేసారి కొట్టించేలా రాశారు దాన్ని. మైక్రోసాఫ్టు ఆ చిరునామానే ఎత్తేసి తప్పించుకుంది. ఆ అక్టోబరు నుంచే నెలలో రెండో మంగళవారం మందులిచ్చే ఆనవాయితీ మొదలైంది. 2004 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌పీ సర్వీసు ప్యాకు 2లో, యాంటీవైరసు పాతబడితే గడియారం పక్కన ఎర్ర డాలు కనబడి పోరు పెట్టేది.

కాబట్టి ఆటోమేటిక్ అప్‌డేటు పెట్టినవాళ్ళని నేను తిట్టను. మనుషులు తమంతట తాము వేసుకోరని చరిత్ర మళ్ళీ మళ్ళీ చెప్పింది. 2017లోనూ అదే కథ. వానాక్రైకి విరుగుడు మార్చి 14న వచ్చింది, దాడి మే 12న. రెండు నెలలు చేతిలో ఉన్నా బ్రిటన్ ఆస్పత్రుల నుంచి ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్ల దాకా చిక్కుకున్నాయి. నా గొడవ అది కాదు. ఆటోమేటిక్ అనే ముందు గుమ్మం పెట్టినప్పుడు, మాన్యువల్ అనే పెరటి గుమ్మాన్ని ఎందుకు మూసేశారన్నదే నా గొడవ. ఇల్లు కాలుతున్నప్పుడు జనం బయటపడింది ఎప్పుడూ ఆ పెరటి గుమ్మంలోంచే మరి.

నేను ఇంజినీరింగు చదివే రోజుల్లో మా హాస్టల్లో నెట్టు లేదు. వైరసులకి మాత్రం లోటు లేదు. ఎవరి పెన్‌డ్రైవు పెట్టినా ఆటోరన్ ఫైలు, ఫోల్డరు బొమ్మ వేసుకుని కూర్చున్న "న్యూ ఫోల్డర్" అనే ప్రోగ్రాము. నెట్‌సెంటరుకి వెళ్ళి గంటకి ఇంత అని కట్టి, యాంటీవైరసు సైట్లో ఆ వారం ఫైలు దించుకుని తెచ్చుకునేవాళ్ళం. లేకపోతే కంప్యూటరు పత్రికతో వచ్చే సీడీలో ఉండేది. ఒకడు తెస్తే ఫ్లోరు మొత్తానికి పనికొచ్చేది. ఏవీజీలో "ఫోల్డరు నుంచి అప్‌డేటు" అని ఒక మీట, మెకాఫీకి డాట్ ఫైళ్ళు, నార్టన్‌కి ఇంటెలిజెంట్ అప్‌డేటరు, అవాస్ట్‌కి వీపీఎస్. అన్నీ బహిరంగంగా ఉండేవి. ఎవడైనా దించుకోవచ్చు, ఎవడికైనా మోసుకెళ్ళొచ్చు.

అది పేదవాళ్ళ ఏర్పాటు అని తీసిపారేయకండి. 2008 నవంబరులో కాన్‌ఫికర్ వచ్చినప్పుడు ఆ ఏర్పాటే లోకాన్ని ఆదుకుంది. కాన్‌ఫికర్ తెలివి చూడండి. మెషీనులో చేరగానే మైక్రోసాఫ్టు, సైమాంటెక్, మెకాఫీ లాంటి పేర్లున్న చిరునామాలేవీ తెరుచుకోకుండా అడ్డుపడేది. విండోస్ ఆటోమేటిక్ అప్‌డేటుని ఆపేసేది. అంటే రోగి నోరు కట్టేసి, డాక్టరుకి ఫోను చెయ్యమన్నట్టు. అప్పుడు మిగిలిన దారి ఒకటే. ఆరోగ్యంగా ఉన్న ఇంకో మెషీన్లో మందు దించుకుని చేత్తో తీసుకురావడం. చాలా ఐటీ విభాగాలు ఆ చలికాలమంతా పెన్‌డ్రైవులు, సీడీలు పట్టుకుని తిరిగాయి. (ఆ పెన్‌డ్రైవుల్లో కూడా దూరడం నేర్చుకుందనుకోండి అది, రెండో రకంలో. అందుకే సీడీ మేలనేవారు.)

తర్వాతది ఇంకా విచిత్రం. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ పంపిన 5958వ నంబరు డాట్ ఫైలు, విండోస్ ఎక్స్‌పీకి ప్రాణం లాంటి ఎస్‌వీసీహోస్ట్ అనే ఫైలుని వైరసు అనుకుంది. దొంగల ఫొటోల బోర్డు మీద పొరపాటున ఇంటాయన ఫొటో అంటించినట్టు. ఆటోమేటిక్‌గా అందుకున్న ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో కంప్యూటర్లు మళ్ళీ మళ్ళీ రీస్టార్టు అవుతూ కూర్చున్నాయి. కంపెనీ కొన్ని గంటల్లోనే తప్పు దిద్దుకుంది. కానీ దిద్దిన ఫైలు ఆ మెషీన్లకి చేరేదెలా? నెట్‌వర్కు నడిపేదే ఆ ఎస్‌వీసీహోస్ట్. నెట్టు లేదు, కాబట్టి ఆటోమేటిక్ లేదు. ఒక్కో మెషీను దగ్గరకి ఒక్కో మనిషి వెళ్ళి, సేఫ్‌మోడులో లేపి, పెన్‌డ్రైవుతో మందు పెట్టాల్సొచ్చింది. ఆటోమేటిక్‌గా వచ్చిన రోగానికి మాన్యువల్‌గా వైద్యం!

ఈ పాఠం తర్వాత పెరటి గుమ్మం పెద్దది చేస్తారనుకుంటాం. చిన్నదైంది. దానికి కారణాలు లేకపోలేదు. కొత్త వైరసులు రోజుకి లక్షల్లో పుడుతుంటే అన్ని ఫొటోలూ బోర్డు మీద పట్టవు. కాబట్టి అనుమానమొచ్చిన ఫైలు గుర్తుని కంపెనీ సర్వరుకి పంపి అక్కడ అడిగి తెలుసుకునే పద్ధతి వచ్చింది. ఫ్లాపీలో పట్టిన ఫైలు వంద మెగాబైట్లు దాటింది. దాంతోపాటు ఇంకో కారణం కూడా ఉందని నా అనుమానం. చేత్తో మోసుకెళ్ళగలిగే ఫైలుకి చందా ఎవరు కట్టారో చెప్పడం కష్టం. సర్వరుకి ఫోను చేసే సాఫ్టువేరు అయితే ఆ లెక్క పక్కాగా ఉంటుంది. 2015 జూలైలో విండోస్ 10 వచ్చినప్పుడు హోం ఎడిషను వాడేవాళ్ళకి అప్‌డేటు వాయిదా వేసుకునే మీట కూడా ఇవ్వలేదు. 2019 మేలో గానీ కొన్ని రోజులు ఆపుకునే వీలు రాలేదు.

ఈలోగా దొంగలు ఆ ముందు గుమ్మాన్నే వాడుకోవడం మొదలెట్టారు. 2012లో బయటపడ్డ ఫ్లేమ్ దొంగ సర్టిఫికెట్టుతో విండోస్ అప్‌డేటు వేషం కట్టింది. 2017 జూన్ 27న నాట్‌పెట్యా ఉక్రెయిన్ కంపెనీలు వాడే ఒక పన్నుల సాఫ్టువేరు అప్‌డేటులో కూర్చుని వచ్చింది. 2020 డిసెంబరులో బయటపడ్డ సోలార్‌విండ్స్ వ్యవహారంలో, దాదాపు 18 వేల సంస్థలకి విషం కలిపిన అప్‌డేటు పద్ధతి ప్రకారం సంతకంతో సహా అందింది. 2024లో అమెరికా ప్రభుత్వం కాస్పర్‌స్కీని నిషేధించి, సెప్టెంబరు 29 తర్వాత అప్‌డేట్లు ఇవ్వకూడదంది. అప్పుడు ఇక్కడ చాలామంది మెషీన్లలో కాస్పర్‌స్కీ తనంతట తానే వెళ్ళిపోయి, ఆ కుర్చీలో అల్ట్రాఏవీ అనే వేరే యాంటీవైరసు కూర్చుంది. కంపెనీ ముందుగా ఈమెయిళ్ళు పంపింది. కానీ పొద్దున్నే లేచి గుమ్మం దగ్గర కొత్త గూర్ఖాని చూసి బిత్తరపోయినవాళ్ళు బోలెడుమంది.

ఇక 2024 జూలై 19. మన దేశంలో శుక్రవారం పొద్దున్న 9 గంటల 39 నిమిషాలు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ 291వ నంబరు ఫైలుని అందరికీ ఒకేసారి వదిలింది. ఆ ఫైలు చదివే ప్రోగ్రాము 20 విలువలు వస్తాయని కూర్చుంటే, ఫైలు 21వ దాన్ని చూడమంది. లేని చోట చెయ్యి పెట్టింది, విండోస్ నీలంతెర వేసి పడిపోయింది. 78 నిమిషాల్లో ఫైలు వెనక్కి తీసుకున్నారు. ఆలోగా 85 లక్షల మెషీన్లు పడ్డాయని మైక్రోసాఫ్టు లెక్క. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగు పాసులు పెన్నుతో రాసి ఇచ్చారు. అమెరికాలో ఒక్క డెల్టా సంస్థే కొద్ది రోజుల్లో సుమారు ఏడు వేల విమానాలు రద్దు చేసింది.

వైద్యం ఏమిటో ఈపాటికి మీరే చెప్పగలరు. ఒక్కో మెషీను దగ్గరకి ఒక్కో మనిషి వెళ్ళి, సేఫ్‌మోడులో లేపి, ఆ ఫైలుని చేత్తో చెరపడం. డిస్కుకి తాళం వేసిన చోట నలభై ఎనిమిది అంకెల తాళంచెవి టైపు చేసి మరీ. క్లౌడులో ఉన్న మెషీన్లకైతే పదిహేనుసార్ల దాకా రీస్టార్టు చేసి చూడమని సలహా వచ్చింది. పధ్నాలుగేళ్ళ తర్వాత అదే రోగం, అదే వైద్యం. 2010లో మెకాఫీ సాంకేతిక విభాగానికి పెద్దగా ఉన్న జార్జ్ కర్ట్జే 2024లో క్రౌడ్‌స్ట్రైక్ అధిపతి కావడం ఒక యాదృచ్ఛికం. ఆయన్ని ఆడిపోసుకోవడానికి చెప్పడం లేదు. మనుషులు మారినా కంపెనీలు మారినా ఈ ఏర్పాటులో లోపం మారలేదని చెప్పడానికే.

అసలు మెలిక ఇంకోటుంది. జాగ్రత్తపరులైన సంస్థలు "మాకు సరికొత్త వెర్షను వద్దు, ఒకటి వెనకది చాలు" అని సెట్టింగు పెట్టుకున్నాయి. ఆ మీట ఉంది, నొక్కారు, పచ్చగా కనబడింది కూడా. కానీ అది ప్రోగ్రాముకే గానీ, రోజూ వచ్చే ఇలాంటి ఫైళ్ళకి వర్తించదు! ఉందనుకున్న మీట లేకపోవడం, అసలు మీట లేకపోవడం కన్నా ప్రమాదం. ఆ గొడవ తర్వాతే, ఈ ఫైళ్ళని విడతలు విడతలుగా వదులుతామని, ఎప్పుడు తీసుకోవాలో వాడుకరులే ఎంచుకోవచ్చని కంపెనీ చెప్పింది.

ఇదంతా పెద్ద పెద్ద ఆఫీసుల గోల, మనకెందుకు అంటారా? మా బాబాయి రిటైరైన మాస్టారు, పల్లెటూళ్ళో ఉంటారు. ఆయన కంప్యూటరుకి నెట్టు ఫోన్లోంచే, రోజుకి ఒకటిన్నర జీబీ. పొద్దున్న కంప్యూటరు తెరవగానే అప్‌డేటు సగం తాగేస్తే, సాయంత్రం మనవరాలితో వీడియో మాట్లాడటానికి మిగలదు.

"ఆదివారం పక్కింటివాళ్ళ వైఫైలో ఒకేసారి వేసుకుంటానురా, మీట ఎక్కడో చెప్పు" అన్నారు.

"బాబాయ్, గడియారం పక్కన డాలు బొమ్మ నొక్కండి. అందులో అప్‌డేటు అని ఉందా?"

"ఆకుపచ్చ టిక్కుందిరా. కుటుంబానికి ఇంకో మూడు లైసెన్సులు కొనమని ఉంది. నువ్వు చెప్పే మాట ఎక్కడా లేదు."

కొనమనే మీట మొదటి తెర మీద, చందా పొడిగించే మీట దాని పక్కన. మందు వేసుకునే మీట మాత్రం నాలుగు మెనూల లోపల! డబ్బు కట్టి గూర్ఖాని పెట్టుకున్నాయన, వాణ్ణి ఎప్పుడు రమ్మనాలో చెప్పలేకపోతున్నాడు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఒకటి, చివరిసారి అప్‌డేటు ఎప్పుడయిందో తేదీతో సహా మొదటి తెర మీద ఉండాలి, టిక్కు గుర్తు కాదు. రెండు, సంతకం సరిచూసుకోడానికి వీలున్న ఫైలు ఒకటి ఎవరైనా దించుకుని మోసుకెళ్ళేలా అందుబాటులో ఉండాలి. మూడు, ఒకరోజు ఆగి తీసుకుంటానంటే ఆగనివ్వాలి. ఆటోమేటిక్ అలాగే ఉండనివ్వండి, పదిమందిలో తొమ్మిదిమందికి అదే మంచిది.

ఇది కుదరని పని కూడా కాదు. విండోస్‌తో వచ్చే డిఫెండరుకి అప్‌డేటు ఫైలుని మైక్రోసాఫ్టు ఇప్పటికీ విడిగా ఇస్తోంది. క్లామ్‌ఏవీ ఫైళ్ళు దించుకుని వేరే మెషీన్లో పెట్టుకోవచ్చు. క్విక్ హీల్‌కి ఆఫ్‌లైను అప్‌డేటు ఉంది. వానాక్రై రోజుల్లో, ఎప్పుడో వదిలేసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్టు చేత్తో వేసుకునే మందు ఇచ్చింది. ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చు.

ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నల కంప్యూటరులో ఆకుపచ్చ టిక్కు చూసి ఊరుకోకండి. లోపలికెళ్ళి తేదీ చూడండి. ఆ మీట ఎక్కడుందో కనుక్కుని, ఒక కాగితం మీద తెలుగులో వరసగా రాసి కంప్యూటరు పక్కన అంటించి రండి. అది తెలుసుకోవాల్సింది అవసరం పడ్డ రోజున కాదు. ఆ రోజున నెట్టు ఉండదు.